విడిగా జీపీఎస్ పెట్టె కొనే ముందు

2024 మే నెలలో హైదరాబాద్ నుంచి కేరళ చూడ్డానికి వెళ్లిన నలుగురు, కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర రాత్రివేళ కారుతో సహా పొంగిన కాలవలోకి దిగిపోయారు. ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ ఆలప్పుళ వైపు వెళ్తున్నారని వార్తల్లో వచ్చింది. స్థానికులు, పోలీసులు సాయం పట్టడంతో నలుగురూ ప్రాణాలతో బయటపడ్డారు, కారు మాత్రం మునిగిపోయింది. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఒక కారు సగంలో ఆగిపోయిన వంతెన మీంచి రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. అక్కడా వాళ్లు మ్యాప్ చూపించిన దారినే వెళ్లారని రాశారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: "ఫోన్‌ని నమ్ముకుంటే ఇంతే. దూరాలు తిరిగేవాళ్లు గార్మిన్ కంపెనీ అమ్మేలాంటి, దారి చూపించే పెట్టె ఒకటి విడిగా కొనుక్కోవాలి." ఈ మాటతో నేను ఏకీభవించను. మన రోడ్ల మీద కారులో తిరిగేవాళ్లకి విడి జీపీఎస్ పరికరం దాదాపు అక్కర్లేదు. అలాగని రోజూ వాడుకునే ఫోన్‌నే స్టాండులో పెట్టుకుని నడపడం కూడా నాకు నచ్చదు. ఇంట్లో సొరుగులో పడున్న పాత ఫోన్‌ని ఈ ఒక్క పనికే కేటాయించి, ఓపిగ్గా తయారు చేసుకోవడం ఈ రెండింటికన్నా మేలు.

తప్పు జరిగేది ఎక్కడ

దారి చూపించడంలో మూడు పనులున్నాయి. బండి ఎక్కడుందో కనుక్కోవడం ఒకటి, ఆ చోటు మ్యాప్‌లో ఏ రోడ్డుకి చెందిందో తేల్చడం రెండోది, అక్కణ్ణుంచి ఎటు పోవాలో లెక్కగట్టడం మూడోది. విడి పెట్టె కొనమనేవాళ్లు మొదటి పనికి డబ్బు పెట్టమంటున్నారు. ప్రమాదాలు జరుగుతున్నది రెండో మూడో పనుల్లో.

మొదటి పని ఎప్పుడో చవకైపోయింది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సంకేతాలు పంపుతుంటాయి. మన చేతిలోది వాటిని వింటుంది, అంతే, తిరిగి ఏమీ పంపదు. అందుకే దీనికి సిమ్ అక్కర్లేదు, సెల్ టవర్ అక్కర్లేదు. పౌరులు వాడే సంకేతంలో అమెరికా కావాలని కలుపుతూ వచ్చిన తేడాని 2000 మే నెలలో తీసేసింది. అప్పట్నుంచీ ఆకాశం బాగా కనిపించే చోట కొన్ని మీటర్ల తేడాతో చోటు తెలుసుకోవడం మామూలు పరికరానికి కూడా సాధ్యమే. ఇవాళ్టి ఫోన్లు జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైదూ ఉపగ్రహాల్నీ వింటాయి. కొన్ని మన నావిక్‌నీ వింటాయి. కురుప్పంతరలో కారు ఎక్కడుందో ఫోన్‌కి తెలుసు. ఆ రోడ్డు మీద నీళ్లెంత ఉన్నాయో తెలీదు. ఎంత ఖరీదైన పెట్టెకైనా అది తెలిసే వీలు లేదు.

చోటు కనుక్కోవడంలో మిగిలి ఉన్న అసలు చిక్కు పైకీ కిందకీ తేడా తెలియకపోవడం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తున్నారా, దాని కింది రోడ్డులో వెళ్తున్నారా అన్నది ఉపగ్రహాల లెక్కలో సరిగ్గా తేలదు. ఎత్తు అంచనాలో తప్పు, నేల మీద చోటు అంచనాలో తప్పుకంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డుకీ పక్కనే నడిచే సర్వీసు రోడ్డుకీ మధ్య కూడా ఇదే తికమక. మీరు సర్వీసు రోడ్డులో ఉంటే అది అవుటర్ మీద ఉన్నారనుకుని "ముందు ఎగ్జిట్ తీసుకోండి" అంటుంది. విడి పెట్టె కొన్నంత మాత్రాన ఈ జబ్బు పోదు. ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా అని ముందే చెప్పడం, నాలుగు చక్రాల బండిని ఇరుకు సందుల్లోకి పంపకుండా చూడడం గూగుల్ మన దేశంలో 2024లో మొదలుపెట్టింది. అంటే మెరుగుదల వచ్చింది మ్యాప్‌లో, చిప్‌లో కాదు.

విడి పెట్టె ఓడిపోయేది సరిగ్గా అక్కడే. దానిలో మ్యాప్ లోపల నిల్వ ఉంటుంది. కంప్యూటర్‌కి కలిపో, వైఫై ద్వారానో మీరు కొత్తది ఎక్కించేదాకా పాతదే. మన దగ్గర నాలుగు వరసల బైపాస్ తెరవగానే ఊళ్లోంచి పోయే పాత దారి ఎవరికీ పట్టదు. మ్యాప్ పాతదైతే మీరు కొత్త బైపాస్ మీద నిక్షేపంగా వెళ్తుంటారు, తెర మీద బాణం పొలాల్లో పోతుంటుంది, గొంతు మాత్రం వెనక్కి తిప్పమని పోరుతూనే ఉంటుంది. అట్టపెట్టె మీద "లైఫ్‌టైమ్ మ్యాప్స్" అని రాసి ఉంటే నిబంధనలు చదవండి. గార్మిన్ విషయంలో ఆ జీవితకాలం మీది కాదు, ఆ పరికరం పనికొచ్చే కాలం, అదీ మ్యాప్ సమాచారం వాళ్లకి అందుతున్నంత వరకు. పాత మోడళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. కొత్త మ్యాప్ పరిమాణం పెరిగి లోపలి మెమరీలో పట్టదు, మైక్రో ఎస్‌డీ కార్డు కొనాల్సి వస్తుంది.

అమెరికా నుంచి వచ్చేవాళ్లు కానుకగా తెచ్చే పెట్టెల గురించి కూడా చెప్పాలి. అక్కడ కొన్నదాంట్లో సాధారణంగా ఉత్తర అమెరికా మ్యాపే ఉంటుంది. ఇక్కడ ఆన్ చేస్తే చోటు సరిగ్గానే పట్టుకుంటుంది, కానీ తెర ఖాళీగా ఉంటుంది. భారతదేశం మ్యాప్ ఆ మోడల్‌కి దొరుకుతుందా, ఎంతకి దొరుకుతుందా అన్నది కొనకముందే చూసుకోవాలి.

ఎదుటివాళ్ల మాటలో నిజం

అయితే విడి పెట్టెని సమర్థించేవాళ్లు ఊరికే మాట్లాడ్డం లేదు. నల్లమలలో, మారేడుమిల్లి ఘాట్‌లో, పాడేరు వైపు సిగ్నల్ పోతుంది, ఫోన్‌లో మ్యాప్ ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో డ్యాష్‌బోర్డు మీద ఫోన్ కాగి తెర మసకబారుతుంది, చార్జింగ్ ఆగిపోతుంది. సరిగ్గా కుడికి తిరగాల్సిన చోట ఎవరో ఫోన్ చేస్తారు, తెరంతా వాళ్ల పేరే. ఈ మూడూ నిజాలే.

కానీ ఈ మూడింట్లో ఒక్కటి కూడా ఫోన్ అనే వస్తువు లోపం కాదు. మ్యాప్ ముందే దింపుకోకపోవడం, గాలి తగలని చోట పెట్టడం, ఒకే ఫోన్‌తో అన్ని పనులూ చేయించడం వల్ల వచ్చినవి. విడి పెట్టెలో ఉన్న అసలు గుణం ఒక్కటే, దానికి వేరే పని లేదు. ఆ గుణం పాత ఫోన్‌కి కూడా ఇవ్వొచ్చు, పెద్ద ఖర్చు లేకుండా.

పాత ఫోన్‌ని తయారు చెయ్యడం

మొదట బ్యాటరీ. ఫోన్‌ని బల్లమీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగినా, వెనక మూత లేచినా, తెర అంచున సందు కనిపించినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలాంటిదాన్ని ఎండలో అద్దం దగ్గర పెట్టడం ప్రమాదం. బ్యాటరీ మార్పించాలి, లేదా ఆ ఫోన్ సంగతి మర్చిపోవాలి. ఇక్కడ రాజీ పడొద్దు.

తర్వాత రిసీవర్ పరీక్ష, అంటే ఫోన్‌లో ఉపగ్రహ సంకేతాలు పట్టే భాగానిది. ఆండ్రాయిడ్ అయితే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకోండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మేడ మీదకి వెళ్లి, లొకేషన్ ఆన్ చేసి చూడండి. ఉపగ్రహాల పక్కన సంకేత బలం డీబీ-హెర్ట్జ్‌లలో కనిపిస్తుంది. ఐదారు ఉపగ్రహాలైనా 35 పైన చూపిస్తే రిసీవర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎల్1, ఎల్5 అనేవి ఉపగ్రహాలు సంకేతాలు పంపే రెండు పౌనఃపున్యాలు; ఎల్1తో పాటు ఎల్5 కూడా కనిపిస్తే ఇంకా మంచిది. ఎత్తయిన భవనాల మధ్య గోడలకి తగిలి వచ్చే సంకేతాల్ని వేరు చెయ్యడంలో ఎల్5 బాగా సాయపడుతుంది.

అదే పరీక్షని కారులో, మీరు ఫోన్ పెట్టబోయే చోటే మళ్లీ చెయ్యండి. ఈ పని ఎవరూ చెయ్యరు. అంకెలు కొద్దిగా తగ్గడం మామూలే. మేడ మీద చూసినదానికంటే ఒక్కసారిగా 10కి మించి తగ్గిపోతే అద్దంలో లోహపు పూత ఉందనో, మీరు వేయించిన సన్ ఫిల్మ్‌లో లోహం ఉందనో అనుమానించాలి. ఫాస్టాగ్ టోల్ గేటు దగ్గర మొరాయించే కార్లలో కొన్నిట్లో కారణం ఇదే. పూత ఉన్న అద్దాల్లో వెనక చూసే అద్దం దగ్గర పూత వెయ్యకుండా వదిలిన చోటు ఒకటి ఉంటుంది. ఫోన్ అటువైపు జరిపితే అంకెలు లేస్తాయి.

రెండు పరీక్షలూ అయ్యాక ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మ్యాప్ యాప్‌లు తప్ప ఇంకేమీ వెయ్యకండి. నా లెక్కలో రెండు రకాల మ్యాప్‌లు ఉండాలి. ఒకటి నెట్ ఉన్నప్పుడు ట్రాఫిక్ చూపించేది, అంటే గూగుల్ మ్యాప్స్ గానీ మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపుల్స్ గానీ. రెండోది పూర్తిగా నెట్ లేకుండా నడిచేది, ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఓస్మ్‌యాండ్. ఈ రెండూ, వాడేవాళ్లే కలిసి తయారు చేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడుస్తాయి. ఇంటి నంబర్లు, దుకాణాల పేర్లు వెతకడంలో ఇవి బలహీనం. అడవి దారులు, పల్లెల మధ్య రోడ్లు మాత్రం కొన్నిచోట్ల గూగుల్ కంటే బాగుంటాయి. గూగుల్‌లో కూడా ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి. దింపడానికి ఎంచుకునే చతురస్రం పరిమాణానికి పరిమితి ఉంది కాబట్టి దూర ప్రయాణమైతే దారి పొడవునా రెండు మూడు ముక్కలుగా దింపాలి. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ ఉండదు, ప్రత్యామ్నాయ దారులు చూపించదు. దింపిన మ్యాప్‌కి గడువు కూడా ఉంటుంది, బయల్దేరే ముందు రోజు వైఫైలో అప్‌డేట్ చెయ్యాలి.

మ్యాప్‌లు దింపడం పూర్తయ్యాక ఫోన్‌ని మళ్లీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మీరు వెళ్లే ఊరికి దారి అడిగి చూడండి. ఇంటి దగ్గర ఇవ్వలేనిది నల్లమలలో దోర్నాల దాటాక ఇవ్వదు.

సిగ్నల్ లేని చోట ఇంకో విషయం ఉంది. ఫోన్‌కి నెట్ ఉంటే ఉపగ్రహాల కక్ష్యల వివరం నెట్ ద్వారా క్షణాల్లో తెచ్చుకుంటుంది. లేకపోతే ఉపగ్రహం నుంచే వినాలి. ఒక్కో ఉపగ్రహం తన వివరాన్ని 30 సెకన్లకోసారి తిరిగి చెబుతుంది. చెట్ల నీడలో మలుపులు తిరుగుతుంటే మధ్యలో తెగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే అడవిలోకి వెళ్లాక ఫోన్ ఆన్ చేస్తే చాలాసేపు చోటు దొరకదు. ఇంటి దగ్గరే ఆన్ చేసి, నడిపినంతసేపూ ఆపకుండా ఉంచాలి. ట్రాఫిక్ కోసం మీ అసలు ఫోన్‌లోని హాట్‌స్పాట్ సరిపోతుంది.

కరెంటు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తెర పూర్తి వెలుగులో, జీపీఎస్ నడుస్తూ ఉంటే ఫోన్ బాగా తాగుతుంది. పాత కార్లలో స్టీరియో మీదుండే యూఎస్‌బీ సాకెట్ చాలాసార్లు అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లే ఇస్తుంది. చార్జింగ్ గుర్తు కనిపిస్తూనే శాతం పడిపోతుంటుంది. 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే 18 వాట్ల చార్జరు, మీటరు మించని మంచి కేబులు తీసుకోండి. అరగంట నడిపి శాతం తగ్గలేదని చూసుకున్నాకే దూర ప్రయాణానికి సిద్ధమనుకోవాలి.

స్టాండ్ ఎక్కడ పెట్టాలి? ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని ఆపిల్ చెబుతుంది. మన వేసవిలో కారు అద్దం వెనక ఆ గీత ఎప్పుడో దాటిపోతుంది. అద్దానికి అతికించే రబ్బరు కప్పు స్టాండ్లు వేడికి ఊడి పడతాయి కూడా. ఏసీ గాలి వచ్చే బిలానికి తగిలించే స్టాండే మనకి నయం, చల్లగాలి ఫోన్ వీపుకి తగులుతూ ఉంటుంది. బిలం పలకలు బలహీనంగా ఉన్న కార్లలో దాని ముందు డ్యాష్‌బోర్డుకి బిగించే రకం చూడండి. ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోట మాత్రం ఏదీ పెట్టొద్దు, అది తెరుచుకుంటే ఫోన్ మొహాన తగులుతుంది. కారు ఆపి దిగేటప్పుడు ఫోన్ తీసుకెళ్లండి, ఎండలో వదిలితే ఆ పాత బ్యాటరీ మరో వేసవి చూడదు. చట్టం సంగతి అడిగేవాళ్లకి: 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, ఏకాగ్రత చెడకుండా దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడొచ్చు. బండి కదులుతుండగా ఊరి పేరు టైపు చెయ్యడం దీని కిందకి రాదు.

ఏ పెట్టెకీ తెలియనివి

సగం వింత దారులకి కారణం సెట్టింగులు. గూగుల్ మన దేశంలో 2017 చివర్లో టూ వీలర్ మోడ్ తెచ్చింది. ఇంట్లో ఎవరో బైక్ కోసం పెట్టింది అలాగే ఉండిపోతే కారుని చేల గట్ల మీదకి తీసుకెళ్తుంది. "టోల్ వద్దు" అని ఎప్పుడో పెట్టింది మర్చిపోతే జాతీయ రహదారి పక్కనుండగా ఊళ్లన్నీ తిప్పుతుంది. బయల్దేరే ముందు ఈ రెండూ చూడండి. తర్వాత ఊరి పేరు. కొత్తపల్లి, రామాపురం అనే ఊళ్లు రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. పేరుతో పాటు మండలం, పిన్‌కోడ్ కూడా కొట్టి, దారి మొత్తం ఒకసారి తెర మీద దూరంగా చూసి, మధ్యలో తగిలే పెద్ద ఊళ్లు మీరనుకున్నవేనా అని సరిచూసుకోవాలి. నేనైతే ఆ ఊళ్ల పేర్లు వరసగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోమంటాను. ఫోన్ తడబడినప్పుడు రోడ్డు పక్క బోర్డు చూసి నిర్ణయం తీసుకోవడానికి ఆ నాలుగు పేర్లు చాలు.

కాలాన్ని బట్టి మూసే దారులు ఇంకా కష్టం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. దోర్నాల వైపు నుంచీ రాత్రి నిషేధమే. సాయంత్రం ఏడింటికి నగరం నుంచి బయల్దేరితే మ్యాప్ చక్కగా అర్ధరాత్రికి ముందే చేరతారని లెక్క చెబుతుంది. మీరు గేటు దగ్గర తెల్లవార్లూ కూర్చుంటారు.

వానాకాలం వాగుల మీద లో లెవల్ వంతెనలు, కాజ్‌వేలు ఉన్న దారి వస్తే నీళ్లు పారుతున్నాయా లేదా అన్నది మ్యాప్‌లో ఉండదు. ట్రాఫిక్ రంగు పచ్చగా ఉందంటే రోడ్డు బాగుందని కాదు, అటు బళ్లే పోవడం లేదేమో. జోరువానలో, రాత్రిపూట, తెలియని పల్లె దారి పది నిమిషాలు కలిసొస్తుందని చూపిస్తే దాన్ని వద్దనడమే నా సలహా. రాష్ట్ర రహదారి మీద గంట ఎక్కువ పట్టనివ్వండి.

నా వాదన చెల్లని చోట్లు

బైకు మీద రోజుల తరబడి తిరిగేవాళ్లకి విడి పరికరం నిజంగా పనికొస్తుంది. ఇంజన్ అదురు ఫోన్ కెమెరాలోని స్థిరీకరణ భాగాన్ని చెడగొట్టొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. వానలో తడిసిన తెర వేలిని గుర్తించదు. బైకుల కోసమే చేసినవి చేతి తొడుగులతోనూ పనిచేస్తాయి, నీళ్లకి చెడవు. పాత ఫోనే వాడతానంటే అదురు తగ్గించే స్టాండు తప్పనిసరి.

స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ తెర బిగించుకున్నవాళ్లకి మళ్లీ వేరే ఫోన్ అక్కర్లేదు, కానీ ఒకటి చూసుకోవాలి. దాంతో వచ్చే జీపీఎస్ యాంటెన్నాని, అగ్గిపెట్టెంత నల్ల ముక్కని, బిగించేవాళ్లు తొందరలో స్టీరియో వెనక ఇనప చట్రంలోకి తోసేస్తారు. అది డ్యాష్‌బోర్డు మీద, అద్దం కింద, ఆకాశం వైపు తిరిగి ఉండాలి. బాణం ఎప్పుడూ ఆలస్యంగా కదిలే కార్లలో తెర మార్చకముందు ఆ ముక్క ఎక్కడుందో వెతకండి.

అమెరికాలో జాతీయ ఉద్యానవనాలు చుట్టే మనవాళ్ల సంగతి వేరు. అక్కడ సెల్ సిగ్నల్ లేని దూరాలు మన నల్లమలకి ఎన్నో రెట్లు, రోడ్లేమో ఇక్కడంత త్వరగా మారవు. మ్యాప్ నిల్వ ఉన్న పెట్టె అక్కడ అర్థవంతమైన కొనుగోలే. ఒక్క షరతు. డెత్ వ్యాలీ లాంటి మారుమూల చోట్ల జీపీఎస్ చూపే దారులు బొత్తిగా నమ్మదగినవి కావని అక్కడి నేషనల్ పార్క్ సర్వీసే సందర్శకుల్ని హెచ్చరిస్తుంది. పార్కువాళ్లు ఇచ్చే కాగితం మ్యాప్ తీసుకోండి.

ఇంత చెప్పినా విడి పెట్టే కావాలనుకుని ఎవరైనా పాతది అమ్ముతుంటే కొనబోయేవాళ్లకి ఒక పరీక్ష. జీపీఎస్ మొదట్నుంచీ వాడుతున్న సంకేతంలో వారాల లెక్క 1,023 దాకా పోయి మళ్లీ సున్నాకొస్తుంది. ఆఖరిసారి అలా తిరిగింది 2019 ఏప్రిల్ 6న. సాఫ్ట్‌వేర్ సరిదిద్దని పాత పెట్టెలు ఆ తర్వాత సుమారు 20 ఏళ్ల కిందటి తేదీ చూపించడం మొదలుపెట్టాయి. తేదీ తప్పితే ఏ ఉపగ్రహాలు తల మీద ఉన్నాయన్న అంచనా, చేరే సమయం లెక్క కూడా చెడిపోవచ్చు. పెట్టెని ఆరుబయటికి తీసుకొచ్చి ఆన్ చెయ్యండి. ఎప్పట్నుంచో మూలన పడున్నదైతే మొత్తం ఉపగ్రహాల పట్టిక వినడానికే 12.5 నిమిషాలు పడుతుంది, కాబట్టి పావుగంట ఆగండి. తర్వాత తేదీ చూడండి, మ్యాప్ ఏ ఏడాదిదో సెట్టింగుల్లో చూడండి, కారు సాకెట్‌కి పెట్టే దాని సొంత కేబులు ఇస్తున్నారో లేదో అడగండి. పాత గార్మిన్‌లకి మామూలు యూఎస్‌బీ కేబులు పెడితే కంప్యూటర్‌కి కలిపారనుకుని దారి చూపడం ఆపేస్తాయి. ఈ మూడింట్లో తేదీ తప్పితే మాత్రం ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.